పట్టీ విప్పాక చూసిన ప్లగ్గులు

మా ఆయన పోయిన ఏడాదే మా బండి కూడా పోయిందన్నారు.

చేపల బండి అది. మా ఆయనా, ఆయన తమ్ముడూ కలిసి బాపట్లలో పాతది కొన్నారు. రేపల్లెలో చీకటితో లేచి నేనూ మా ఆయనా చేపల కోసం అడవులదీవి వెళ్లేవాళ్లం. ఆయన నడిపేవాడు. పక్క సీటు నాది, బేరం నాది. సరుకు ఐసులో వేసుకుని తెనాలి తెచ్చి, మార్కెట్టులో గోనె పరుచుకుని నేనే అమ్మేదాన్ని. ఆయన పోయాక బండి పెరట్లో రేకుల కింద నిలబడిపోయింది. మా మరిది ఎంత సెల్ఫ్ కొట్టినా లేవలేదు. పాత ఇనుము కొట్టతన్ని తీసుకొచ్చి చూపించాడు. అతను చుట్టూ తిరిగి, టైరును కాలితో తన్ని, ఆదివారం వచ్చి లాక్కెళ్తానన్నాడు.

బండి లేస్తే డ్రైవరును పెట్టుకుని నా వ్యాపారం నేను చేసుకుంటాను. లేవకపోతే మరిది ఇంట్లో ఒక మూల కూర్చుని, పెట్టింది తినాలి. నాకు ఇంకో దారి కనపడలేదు.

"హీటరు ప్లగ్గులు చూశావా అబ్బాయ్?" అని అడిగాను.

"చూసేదేముంది వదినా? తాళం తిప్పగానే దీపం వస్తోంది, కాసేపటికి కొండెక్కుతోంది. ప్లగ్గులు బాగోకపోతే దీపం ఎట్టా వస్తుంది? ఇంజనే అయిపోయింది."

పాత డీజిలు ఇంజను చలిపొద్దున అంత తేలిగ్గా అంటుకోదు. ముందు లోపల వెచ్చబడాలి. దానికే ఈ ప్లగ్గులు, మా బండికి నాలుగు. తాళం తిప్పితే స్టీరింగు ముందర చిన్న దీపం వస్తుంది. అది పోయాక సెల్ఫ్ కొట్టాలి. మా ఇళ్లల్లో దీపం ఆరిపోయిందని అనకూడదు, దేవుడి గూట్లోదైనా బండిలోదైనా. కొండెక్కింది అనాలి. "కొండెక్కిందా?" అని ఆయన అడిగేవాడు. "కొండెక్కింది, కొట్టు" అనేదాన్ని. రోజూ ఆ మాట అనీ, వినీ, ఇంటిల్లిపాదీ ఆ దీపాన్నే ప్లగ్గనుకున్నారు. ప్లగ్గులన్నీ చచ్చినా ఆ దీపం వస్తుందనీ, అది ఊరికే టైము చూసి పోతుందనీ ఆయన నాకు చెప్పాడు. అందుకే చలికాలం వచ్చే ముందు ప్లగ్గుల్ని పెరట్లో బల్బుతో చూసేవాడు. వైరు పట్టుకునేదాన్ని నేను.

ఆ బల్బు ఆయన సామాన్ల గోతంలో దొరికింది. సైడు లైటు బల్బుకు రెండు వైర్లు అతికించి ఉంటాయి. ఒక వైరు బ్యాటరీ ప్లస్సుకు తగిలించి, రెండోది ప్లగ్గు తలకు ఆనించాలి. బల్బు వెలిగితే ప్లగ్గు బతికున్నట్టు. మరిది అరుగు మీద టీ తాగుతూ చూస్తున్నాడు.

"ఏంటి వదినా, మెకానిక్ షెడ్డు పెడతావా?"

"పెడితే ముందు నిన్నే పనిలో పెట్టుకుంటా. ఆ గ్లాసు కడుగు."

మొదటి ప్లగ్గుకు ఆనించాను. వెలిగింది. రెండోదానికీ వెలిగింది. నాలుగింటికీ వెలిగింది.

"నేను చెప్పలా?" అన్నాడు మరిది. ఎగతాళి కూడా చేయలేదు. జాలిగా అన్నాడు.

వైరు పట్టుకుని అక్కడే చతికిలబడ్డాను. ఆదివారం ఇనుము కొట్టతను వస్తాడు, తాడు కడతాడు, లాక్కుపోతాడు. నా ఖాళీ ఒడిని చూసుకుంటుంటే అప్పుడు తట్టింది. ఆయన పరీక్ష పెట్టినప్పుడు నా ఒడి ఖాళీగా ఉండేది కాదు. ఒక సన్నటి ఇనప పట్టీ, నాలుగు చిన్న నట్లు పోసేవాడు. "ఒక్కటి పోయిందో, నీ పుస్తెలు కోసి ఇక్కడ బిగిస్తా" అని నవ్వేవాడు. నాలుగు ప్లగ్గుల తలల్నీ కలుపుతూ ఉండే పట్టీ అది. దాన్ని విప్పకుండానే నేను చూశాను.

నట్లు తుప్పు పట్టాయి. పానా జారి వేళ్లు చెక్కుకుపోయాయి. పట్టీ ఊడదీసి మళ్లీ ఆనించాను. మొదటిదానికి బల్బు వెలగలేదు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. చివరి దానికి మాత్రం భగ్గున వెలిగింది. పట్టీ ఉన్నంతసేపూ ఆ ఒక్క ప్లగ్గే అన్నింటి తరపునా బల్బును వెలిగించింది.

మరిది గ్లాసు పక్కన పెట్టి లేచాడు. ప్లగ్గుల మొదట్లో నూనె పోసి నాననిచ్చి, తనే మెల్లగా విప్పాడు.

ఒకటి చేతిరుమాల్లో చుట్టుకుని తెనాలి బస్సెక్కాను. స్పేర్‌పార్టుల కొట్టాయన, "ఏ బండమ్మా?" అన్నాడు.

"చేపల బండండి."

"ఆ రుమాలు వాసనకే తెలిసిందిలే. మోడలేంటమ్మా?"

ప్లగ్గు చేతిలో పెట్టాను. దాన్ని చూసి కొత్తవి ఇచ్చాడు.

శనివారం పొద్దున మరిది వాటిని బిగించి, బండెక్కి తాళం తిప్పాడు. దీపం పోయేదాకా ఆగి కొట్టాడు. ఇంజను దగ్గింది, వణికింది, తెల్లటి పొగ పెరడంతా కమ్మింది. ఆ చప్పుడుకు నా కాళ్లు వాటంతటవే పక్క తలుపు వైపు నడిచాయి. స్టీరింగు దగ్గర ఆయన లేడని తలుపు తీశాక తెలిసింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

మరిది దిగొచ్చి ఇంజను మీద చెయ్యి వేసి చూశాడు. "భలే ఉందే! ఇనుము కొట్టతనికి రావద్దని ఫోను చేస్తా."

"డ్రైవరును నేను మాట్లాడుకుంటాలే" అన్నాను.

"డ్రైవరెందుకు వదినా, నేనుండగా? అడవులదీవి నేనే పోతా."

"మంచిదేగా. నువ్వు నడుపు. బేరం నాకు తెలుసు, పక్కన నేను కూర్చుంటా."

అతను నేల చూస్తూ అన్నాడు. "అన్న లేడు. చీకట్లో నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని పోతే ఊళ్లో ఏమనుకుంటారు?"

అతను చెడ్డవాడు కాదు. ఊరు అనేదీ అబద్ధం కాదు. తీసిన పక్క తలుపు మళ్లీ నేనే మూశాను. ఇంజను ఆడుతూనే ఉంది.

ఇప్పుడు మరిది పొద్దున్నే అడవులదీవి నుంచి వచ్చి నాకు ఒక గంప సరుకు దించి, మిగతాది బండిలో తీసుకుపోతాడు. ఏ రోజూ మానలేదు. అది నెత్తిన పెట్టుకుని తెనాలి బస్సు కోసం నిలబడతాను. నీచు వాసనని కండక్టరు చివరి సీటుకు పొమ్మంటాడు. ఒక్కోరోజు దారిలో మా బండి బస్సును దాటి ముందుకు పోతుంది. కిటికీలోంచి చూస్తాను. మరిది పక్క సీటులో ఐసు బస్తా ఉంటుంది.