చెట్టు పేరు చెప్పని శంకరవ్వ

శంకరవ్వ ఒక పట్టాన ఎవరి మాటా నమ్మదు. మెట్‌పల్లి పక్క పల్లెలో పసిరికలకు, అదే కామెర్లకు, మందిచ్చే మనిషి ఆమె. ముప్పై ఏళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున ఆకు నూరి మజ్జిగలో కలిపి ఇస్తోంది. పైసా ముట్టదు. కళ్లు పచ్చబడి వచ్చినవాణ్ణి ముందు దగ్గరికి పిలిచి నోరు వాసన చూస్తుంది. కల్లు తాగలేదని వాడు ఎన్ని ఒట్లు పెట్టినా, తన ముక్కు చెప్పిందే ఆమెకు నిజం. ఆకు మాత్రం పొలం గట్ల వెంట ఒక్కతే తిరిగి తెంపుకొస్తుంది. కొడుక్కి కూడా చూపించదు. చెట్టు పేరు పైకి చెబితే చేతి గుణం పోతుందని, మళ్లీ ఏ మందూ పనిచేయదని అత్త ఆమెతో ఒట్టు వేయించుకుంది.

దుబాయిలో పదేళ్లు బండి నడిపి వచ్చిన కొండల్ రెండు ఆదివారాలు ఆ మందు తాగాడు. తగ్గాల్సిన పసుపు ముదిరింది. మూడో వారం అతని భార్య కోమల ఏడ్చుకుంటూ వచ్చింది.

"నీ మందుతోనే ఇట్లయిందంటుండ్రు అవ్వా. దవాఖానల పండవెట్టినం. ఏం ఆకు తాగిండని డాక్టర్ ఒక్కతీరుగ అడుగుతుండు. పానం మీదికి వచ్చేటట్టుందట."

శంకరవ్వకు ఒళ్లు మండింది. "నా మందు ఇన్నేండ్ల ఎవ్వలికీ ఎదురు తిరగలే. నిజం చెప్పు, ఇంకేం తినవెట్టినవ్?"

"పత్యమే పెట్టిన. ఉప్పు, నూనె ముట్టనియ్యలే," అంటూ కోమల తల దించుకుంది.

ఆ దించిన తల చాలు శంకరవ్వకు. విసవిసా వాళ్లింటికి నడిచి వంటింట్లో డబ్బాల మూతలన్నీ తీసి చూసింది. బియ్యం డ్రమ్ములో చెయ్యి పెడితే ప్లాస్టిక్ సీసా తగిలింది. అందులో సగం దాకా ఆకుపచ్చ పొడి ఉంది.

"కొలెస్ట్రాల్ ఎక్కువుందన్నరు అవ్వా," అంది వెనకే వచ్చిన కోమల. "ఫోన్ల చూసి తెప్పిచ్చుకున్నడు. నీకు తెలిస్తె మందియ్యవని దాచినం."

"ఏం ఆకులున్నయ్ ఇండ్ల?"

కోమల సీసా తిప్పి తిప్పి చదివింది. "అన్నీ మూలికలే, ఏం కాదు అని రాసిండ్రు. పేర్లు లెవ్వు."

"పేరు తెల్వని ఆకు ఎట్ల మింగిండే, తెలివి లేదా?"

"నీది మింగలేదా అవ్వా!"

శంకరవ్వ ఆ సీసాను కొంగులో చుట్టుకుంది. తర్వాత కోమల వెంట ఆటో ఎక్కింది.

దవాఖానలో సీసా డాక్టర్ బల్ల మీద పెట్టి, "నేనిచ్చింది నేల ఉసిరి," అంది. అత్త తన వెనకే నిలబడి వింటున్నట్టు అనిపించింది.

"దేనివల్లో ఇప్పుడే చెప్పలేనమ్మా. రెండూ బంద్ చెయ్యాలి," అన్నాడు డాక్టర్.

కొండల్ నెలకు కోలుకున్నాడు. ఊరంతా ఆ పొడినే తిట్టింది. తప్పు నీది కాదని కోమల కూడా వచ్చి చెప్పింది. శంకరవ్వ ఆ మాటా నమ్మలేదు.

ఆదివారం పచ్చటి కళ్లతో ఒకాయన వాకిట్లోకి వచ్చి, అందరిలాగే నోరు తెరిచి నిలబడ్డాడు. శంకరవ్వ వాసన చూడలేదు.

"దవాఖానకు పో బిడ్డా," అంది. "నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు."