ఇద్దరికీ ఒకే నంబరు

బస్తర్‌లో ఇనుప గని టౌన్‌షిప్ ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం నాది. అక్కడికొచ్చే అడవి ఊళ్లవాళ్లలో చాలామందికి పుట్టిన వారమే పేరు. బుధవారం పుట్టిన ఆడవాళ్లందరిదీ ఒకటే పేరు కాబట్టి, పేరుతో మనిషిని వెతకబోతే తల తిరిగిపోయేది. మాకు దిక్కు నంబరే. కౌంటర్లో కొత్త రోగి వివరాలు ఎక్కించగానే డేటాబేస్ వరసలో తర్వాతి నంబరిచ్చేది. వెంటనే మా ప్రోగ్రాం డేటాబేస్‌ను "ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద నంబరెంత?" అని అడిగి, దాన్నే రోగి చేతికిచ్చే పర్చీ చీటీ మీద అచ్చువేసేది. ఒక్క కౌంటరున్నంత కాలం బాగానే సాగింది.

సంతరోజు రద్దీకి తట్టుకోలేక రెండో కౌంటరు తెరిచాం. ఆ మొదటిరోజే తెలంగాణ సరిహద్దులోని మరైగూడ వైపు నుంచి ఒకతను నిండు నెలల భార్యను జీపులో తీసుకొచ్చాడు. మనిషి పాలిపోయి ఉంది. రక్తం ఎక్కించకపోతే కాన్పు గట్టెక్కదన్నారు డాక్టరమ్మ. గ్రూపు తేల్చడానికి రక్తం తీశారు. కాసేపటికి ల్యాబ్ అతను రెండు గొట్టాలు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. రెండింటి మీదా ఒకే పేరు, ఒకే నంబరు. ఈమెలాగే బుధవారం పుట్టిన ఇంకొకామె అదే క్షణంలో రెండో కౌంటర్లో నమోదైంది. ఇద్దరి వివరాలూ లోపలికి వెళ్లాక రెండు కౌంటర్లూ పెద్ద నంబరెంతని అడిగితే, ఒకటే జవాబొచ్చింది. ఏ రక్తం ఎవరిదో చెప్పే దారి లేదు, పారబోసి మళ్లీ తీయాలి.

ఆ మాట చెబితే భర్త నా చెయ్యి పట్టుకున్నాడు. "మళ్ల తీస్తరా సారూ? దాని పెయ్యిల నెత్తురు ఏడున్నది?"

పరుగున వెళ్లి మాన్యువల్ తిరగేశాను. అడగాల్సిన ప్రశ్నే వేరట. "ఇప్పుడు నేను ఎక్కించినదానికి నువ్విచ్చిన నంబరెంత?" అనాలట. ఎంతమంది ఒకేసారి మీదపడినా, ఏ కౌంటరుకు ఏది ఇచ్చిందో డేటాబేస్ విడివిడిగా గుర్తుపెట్టుకుంటుందట. నమ్మబుద్ధి కాలేదు. ఆ ఒక్క వాక్యం మార్చి, ఉత్తుత్తి పేర్లతో రెండు కౌంటర్లలో ఒకేసారి నొక్కించి చూశాను. ఎవరి నంబరు వాళ్లకే వచ్చింది. ఎన్నిసార్లు నొక్కించినా అంతే. గుళ్లో కూడా చేతులు కట్టుకుని నిలబడే రకాన్ని నేను, ఆ తెర ముందు మాత్రం దండం పెట్టినంత పనిచేశాను.

మళ్లీ తీసిన రక్తం గొట్టం మీద ఈసారి ఆమె ఒక్కదాని నంబరే పడింది. సాయంత్రానికి రక్తం ఎక్కింది, ఆడపిల్ల పుట్టింది. పిల్ల వివరాలు ఎక్కించబోతూ పేరడిగాను. బొడ్డు ఊడేదాకా పేరు పెట్టరట. ఆ గడి ఖాళీగా వదిలి నొక్కితే నంబరొచ్చింది. పుట్టి గంట కాలేదు, పేరైనా లేదు, అప్పుడే తనకంటూ ఒకటుంది.

పర్చీ చేతికిస్తే అతను అటూ ఇటూ తిప్పి చూశాడు. "పేరు లేకున్నా ఇది మా పిల్లదేనా?"

మీ పిల్లదే, ఇంకెవరికీ రాదన్నాను.

దాన్ని మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు. "దాని తల్లికి ఇప్పుడే కన్నంటుకున్నది. లేచినంక సూపిస్త."