కుసుమ పెద్దమ్మ నవలలో ఆవు పాలు

మా చిన్నప్పుడు... పోస్ట్‌మ్యాన్ సైకిల్ బెల్లు వీధి మలుపులో వినిపిస్తే చాలు, అమ్మ పొయ్యి మీది పులుసు గాలికొదిలేసి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చేసేది. కుసుమ పెద్దమ్మ ఉత్తరం కోసం.

పెద్దమ్మ మాకు చుట్టమేమీ కాదు. తిరుపతి హాస్టల్లో అమ్మతో ఒకే గదిలో ఉండి చదువుకున్న స్నేహితురాలు. తర్వాత బెజవాడలో కాపురం పెట్టి వారపత్రికలకు సీరియల్ నవలలు రాసేది. మేమేమో శ్రీకాళహస్తిలో. నవలల్లో అంత పద్ధతిగా రాసే మనిషి, అమ్మకు రాసేటప్పుడు మాత్రం "ఏమ్మే, బతికే ఉండావా" అని మొదలుపెట్టేది. పంటినొప్పి, ఆడబిడ్డ మీద చాడీలు, బూజు పట్టిన ఆవకాయ... చదువుకుంటూ అమ్మ ఒక్కతే నవ్వుకునేది. నాకు భలే ఉక్రోషంగా ఉండేది.

ఉత్తరం చివర ప్రశ్నలుండేవి. కథకు కావలసిన మా వైపు సంగతులన్నీ అమ్మే కనుక్కుని రాయాలి. ఆ పని అమ్మకు ఎంత గర్వమో చెప్పలేను.

ఆ ఏడు పెద్దమ్మ నవలలో కథానాయిక కలంకారీ నేర్చుకుంటున్న కొత్త కోడలు. బొమ్మ వేసే ముందు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలల్లో నానబెడతారు కదా, అవి ఏ పాలు అని అడిగింది. వెనక వీధిలో మునిరత్నం తాత యాభై ఏళ్లుగా ఆ పనే చేస్తున్నాడు. పోయి అడిగి రమ్మని అమ్మ నన్ను పంపింది.

నేను మధ్యలో తొక్కుడుబిళ్ల ఆటలో పడ్డాను... పొద్దు గూకింది. ఇక తాత ఇంటికి ఎవరు పోతారు? గుళ్లో అభిషేకానికి ఆవు పాలే పోస్తారు, మరి దేవుళ్ల బొమ్మలు వేసే గుడ్డకు వేరే పాలెందుకు పోస్తారు అని నాకు నేనే తీర్మానించుకుని, "ఆవు పాలంట" అని అమ్మకు చెప్పేశాను. అమ్మ అదే రాసి పంపింది.

పత్రిక వచ్చిన ఆదివారం మధ్యాహ్నం మా తిన్నె మీద ఇరుగుపొరుగు చేరారు. తన పని గురించిన కథ అని తాత కూడా వచ్చాడు. అమ్మ గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టింది. కోడలు ఆవు పాలల్లో గుడ్డ నానబెట్టింది అనగానే తాత ఆపాడు.

"ఆవు పాలేందమ్మా? పల్చనగా ఉంటాయి. రంగు పాకిపోతాది. ఎనుము పాలు గదా మేం పోసేది." ఎనుమంటే మా వైపు బర్రె.

అమ్మ ముఖం వాడిపోయింది. "నువ్వే గదా మామా, మా పాపతో ఆవు పాలని చెప్పినావు?" అంది.

తాత నా వైపు చూశాడు. నేను నా కాళ్ల వైపు చూసుకున్నాను.

"చెప్పింటానేమోలేమ్మా... వయసైపోలా. నోరు జారింటాది" అన్నాడు తాత.

అందరూ నవ్వారు. అప్పట్నుంచి తాత ఎక్కడ కనిపిస్తే అక్కడ, ఆవు పాలా ఎనుము పాలా అని ఆటపట్టించారు. ఆయన కూడా నవ్వేవాడు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. చివరికి ఉండబట్టలేక ఒక ఇన్‌లాండ్ లెటర్ తీసుకుని జరిగిందంతా పెద్దమ్మకు రాసేశాను. తాతకు అన్నీ తెలుసని, ఆయన మాట నా వల్ల పోయిందని... ఎవరికీ చెప్పకుండా డబ్బాలో వేశాక అసలు భయం పట్టుకుంది. పెద్దమ్మ ఇక అమ్మను ఏమీ అడగదేమో, ఉత్తరాలే మానేస్తుందేమో అని.

మూడు వారాలు ఏమీ లేదు. నాలుగో వారం పత్రికలో... కోడలి గుడ్డ మీద నల్లరంగు పాకి, సీతమ్మ కన్ను కాస్తా చెంప మీదికి జారింది. కథలో ఒక ముసలాయన వచ్చి, ఆవు పాలైతే గీత నిలవదు తల్లీ, బర్రె పాలు పట్టుకురా అన్నాడు. అమ్మ చదవడం ఆపి తాతను చూసింది. తాత మీసాలు దువ్వుకుంటూ మురిసిపోయాడు. ఆ రోజుతో వీధిలో ఎగతాళి ఆగిపోయింది.

రెండు రోజులకు ఉత్తరం వచ్చింది. నా పేరు మీద. "ఏమ్మే చిన్నదానా, నీ ఆవు పాలతో నాకు ఒక వారం కథ దొరికింది. మీ అమ్మకు నేను చెప్పను, నువ్వే చెప్పుకో. తెలీకుంటే తెలీదని రాయి, నాకు అదీ ఉత్తరమే. ఇంక మీద ప్రశ్నలు నీకే పంపిస్తా."

దాన్నే అమ్మకు పైకి చదివి వినిపించాను. వీపు విమానం మోత మోగుతుందనుకున్నా... అమ్మ నవ్వాపుకుంటూ, ముందు పోయి ఆ తాతకు చెప్పు ఫో అంది.

తాత కలం పక్కన పెట్టి విన్నాడు. "ఆ పొద్దే తెలుసు పాపా. అంతమందిలో నువ్వు ఏడస్తావని..." అని మళ్లీ గీతలో పడిపోయాడు. నేను అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

ఇప్పుడు ఏ పాలు అని అడిగితే ఫోన్ క్షణంలో చెప్పేస్తుంది, అదీ తప్పు లేకుండా. బాగానే ఉంది... కానీ నేను తప్పు చెబితే దాన్ని తన మీద వేసుకునే మునిరత్నం తాత అందులో లేడు.

మీ తప్పును నవ్వుతూ మోసిన పెద్దవాళ్లు మీకూ ఉండే ఉంటారు... వాళ్ల పేరు ఒక్కసారి ఇక్కడ రాయండి.