మధ్యలో ఆగిపోయిన మహాలయ రేడియో

రోజూ డైరీలో ముందు వాన సంగతి రాసే నేను మొన్న మహాలయ అమావాస్య నాడు అది మరిచిపోయాను. కోపంతో కలం సాగలేదు. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

ధర్మవరంలో మా ఎదురింటి మేడగదిలో ఇద్దరు బెంగాలీ అన్నదమ్ములు అద్దెకుండేవారు. పెళ్లి జాకెట్లకు మగ్గం వర్క్ చేసేవారు. ఆ తెల్లవారుజామున వాళ్ల ఫోన్లో కలకత్తా రేడియో వినిపించింది. శంఖనాదం, తర్వాత చండీ పారాయణం. రైల్వేలో చేరిన కొత్తలో నేను ఖరగ్‌పూర్‌లో ఉన్నాను. అక్కడ ఏడాదికి ఒక్క ఆ వేకువనే ఇంటింటా ఒకేసారి అదే మోగేది. దుర్గమ్మ పుట్టింటికి బయల్దేరిందన్న కబురు వాళ్లకు అదే. నేను కిటికీ తెరుచుకుని కూర్చున్నాను.

శ్లోకాలు ఆగి బెంగాలీలో కథ సాగుతుండగా ఇంటి యజమాని నిద్రమత్తులో మెట్లెక్కాడు.

"ఏమప్పా, ఏం నమాజు ఇది? యాడోళ్లు మీరు? ఈ పొద్దే గది ఖాళీ చేయండి."

పెద్దవాడు గమ్మున ఫోన్ ఆపేశాడు. నేను వెళ్లి అది అమ్మవారి కథ అని చెప్పాను. యజమాని ముఖం విప్పారింది.

"ముందే చెప్పింటే అయిపోయింటాది గదా సార్. మన అమ్మవారే. ఉండండప్పా, పెట్టుకోండి."

నాకు అసలు కోపం అప్పుడు వచ్చింది.

"నమాజే అయ్యింటే?"

"అది వేరే సార్."

"ఏం వేరే? పక్కింటి సాయిబు రంజాన్ నెలంతా ఇదే పొద్దులో లేస్తాడు. ఆయనింటి సేమ్యా పాయసం నువ్వు ఎప్పుడన్నా వద్దన్యావా?"

"ఆయన మనోడు సార్."

ఒక గేటు తీస్తే ఇంకో గేటు వేసే మనిషితో ఏం మాట్లాడాలి?

"మళ్లా పెట్టుకో అప్పా, ఫోన్లో ఎప్పుడైనా వస్తాది గదా" అన్నాడు యజమాని పెద్దవాడితో.

"ఊర్లో అమ్మ ఇప్పుడే వింటుంది అన్నా. మళ్లీ పెడితే మేమిద్దరమే వినాలి."

సాయంత్రానికి అన్నదమ్ములు మగ్గం చట్రం విప్పి కిందికి దించారు. యజమాని ఆశ్చర్యపోయాడు.

"ఉండమన్యా గదప్పా, మళ్లా ఏమి?"

"దసరా పనికి మా ఉస్తాద్ వచ్చి మాతోనే ఉంటాడన్నా. సూది పట్టడం నేర్పింది ఆయనే" అన్నాడు చిన్నవాడు. "ఆయన నమాజు చేస్తాడు."

సాయిబు తన ముందు గది ఇచ్చాడు. ఎదురింటాయన నాకు రోజూ నమస్కారం పెడుతూనే ఉన్నాడు. నేను తిరిగి పెట్టడం లేదు.