ఇచ్చినవాళ్లే చెప్పాలన్నారు టీచరమ్మ

మన టీచరమ్మ పోయిన మంగళవారం పొద్దున కరీంనగర్ ఆసుపత్రిలో కన్నుమూశారు. ఈ కబురు మీలో చాలామందికి ఫోన్లలో తెలిసింది. మన చర్చి సంఘం పత్రికలో ఆమె గురించి పెద్దలు రాయాలి, నేను చిన్నదాన్ని. అయినా నేనే, ఇప్పుడే రాయాల్సి వచ్చింది. ఆమె సగంలో వదిలిన పని ఒకటి మీ చేతుల్లో ఉంది. దానికి గడువు ఈ నెలాఖరుతో తీరిపోతుంది.

హుజూరాబాద్ మిషన్ బడిలో ఆమె దగ్గర అక్షరాలు దిద్దని పిల్లలు మన గల్లీలో తక్కువ. మా ఇంట్లో నాకంటే ముందు ఎవరూ బడి మొహం చూడలేదు. బాపు రైస్ మిల్లులో హమాలీ. నన్ను కన్న అవ్వ బీడీలు చుట్టేది, నేను పక్కన కూర్చుని ఆకు కత్తిరించి ఇచ్చేదాన్ని. ఒకరోజు టీచరమ్మ వచ్చి మా వాకిట్లో అవ్వ ఎదురుగా కూర్చున్నారు.

"పిల్ల బడికొస్తే నాకు ఆకు ఎవరు కత్తిరిస్తరు?" అంది అవ్వ.

"నేను కత్తిరిస్త. ఇయ్యి, చుట్టుడు కూడ నేర్పు."

నిజంగానే చాట ఒళ్లో పెట్టుకున్నారు. చుట్టిన బీడీ చుట్టినట్టే విడిపోయింది. అవ్వ నవ్వు ఆపుకోలేకపోయింది. "నువ్వు చుట్టింది కంపెనోడు తీసుకోడు టీచరమ్మా. పిల్లనే తీస్కపో, నా ఆకు ఖరాబు చెయ్యకు."

అలా నేను బడికి పోయాను. బీకాం చదివి, ఇప్పుడు కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి బిల్లింగులో పని చేస్తున్నాను.

ఆమె ఇంటికి ఎవరు పోయినా "మన ఇంటికొచ్చినవా" అనేవారు. టీ గ్లాసు ముందు వచ్చినవాళ్లకిచ్చి, తాను గిన్నెలో మిగిలింది తర్వాత ఆ గ్లాసులోనే తాగేవారు. మన కృతజ్ఞత కూడికల్లో ఎలా మాట్లాడతామో మీకు తెలుసు. ఇల్లు కట్టుకున్నా, ఉద్యోగం వచ్చినా, లేచి నిలబడి "ఇందులో నాదేమీ లేదు" అని మొదలుపెట్టి, సాయం చేసిన ఒక్కొక్కరినీ పేరు పెట్టి చెబుతాం. ఎవరినైనా మరిచిపోతే టీచరమ్మ వెనక బెంచీ నుంచి అందించేవారు.

రిటైర్ కావడానికి ముందు ఆమె ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలో లోన్ తీసుకుని మార్కెట్ వెనక రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. తర్వాత వచ్చే కొద్దిపాటి ఆదాయంలో సగం కిస్తీకే పోయేది. మందులు మానేస్తున్నారని తెలిసి మీరంతా కలిసి తలా ఇంత ఇచ్చారు. పత్తి అమ్మిన డబ్బు ఇచ్చినవాళ్లున్నారు. పక్కింటి దర్జీ చాచా దుకాణానికి కొత్త మిషన్ కొందామని దాచింది ఇచ్చారు. నేనూ ఇచ్చాను. గడువుకు చాలా ముందే లోన్ తీర్చడానికి కరీంనగర్ ఆఫీసుకు ఆమెతో నేనే వెళ్లాను.

కౌంటర్‌లో ఉన్న అబ్బాయి కంప్యూటర్ చూస్తూనే అడిగాడు. "ఈ పైసలు ఎక్కడివమ్మా?"

టీచరమ్మ కుర్చీలోంచి లేచారు. కొంగు సర్దుకుని, కూడికలో నిలబడ్డట్టే నిలబడ్డారు.

"ఇందుల నావి ఏం లెవ్వు బిడ్డా. అందరు చేబదులిచ్చిండ్రు. వాళ్లకు మెల్లగ తిరిగి కట్టాలె." ఒక్కొక్కరి పేరూ చెప్పారు. అతను రెండో పేరు దగ్గరే టైపు చేయడం మొదలుపెట్టాడు. "అప్పు తెచ్చి కట్టారు" అని ఒక్క ముక్క రాసుకున్నాడు. ఆ ముక్క పట్టుకుని, లోన్ గడువుకు ముందే తీర్చినందుకు ముప్పై ఎనిమిది వేలు ఫోర్‌క్లోజర్ చార్జి వేశారు. చాచాకు ముందుగా తిరిగి ఇద్దామని ఆమె విడిగా దాచిన డబ్బు దానికే పోయింది. అది రూలేనేమో అనుకున్నాం. ఇంటి కాగితాలు చేతికి వస్తే చాలని సంతకం పెట్టి వచ్చేశాం.

సంగతి విని చాచా తల కొట్టుకున్నారు. "గా ఆఫీసోనికి నా పేరెందుకు చెప్పినవ్ టీచరమ్మా? రేపు నా దుకాణం మీద పడ్తరా ఏంది?"

"నీ దుకాణంల ఏమున్నది భాయ్, కత్తెర తప్ప?"

కొన్నాళ్లకు మా ఆసుపత్రిలో ఒకామె అలాంటి కంపెనీలోనే లోన్ ముందే తీర్చింది. ఆమె దగ్గర ఈ చార్జి తీసుకోలేదు. అప్పుడు నేను రూలు వెతికి చదివాను. టీచరమ్మ తీసుకున్నలాంటి ఇంటి లోన్‌ను సొంత సొమ్ముతో ముందే తీరిస్తే చార్జి తీసుకోకూడదు. బ్యాంకులోనో ఇంకో ఫైనాన్స్‌లోనో అప్పు తెచ్చి కడితేనే తీసుకోవచ్చు. ఇరుగుపొరుగు చేతిలో పెట్టింది ఆ రూలు ప్రకారం సొంత సొమ్మే. ఫిర్యాదు పెట్టాం. ఈ నెలాఖరులోపు డబ్బు తనదేనని ఆమె రాసివ్వాలని, లేదా ఎక్కడి నుంచి వచ్చిందో రుజువు చూపాలని కంపెనీ జవాబిచ్చింది.

నేను కాగితం సిద్ధం చేసుకుని పోయాను. "ఒక్క మాట రాయి టీచరమ్మా. ఇది నా సొంత సొమ్ము అని."

ఆమె పెన్ను మూత మళ్లీ పెట్టేశారు. "రెండో తరగతిల నీకేం నేర్పిన?"

"పక్కోళ్ల పలక మీద నా పేరు రాసుకోవద్దని."

"మరి?"

"రూలు ప్రకారం నీదే అయితది టీచరమ్మా."

"రూలుకు నాది కావచ్చు. నాకు కాదు కద. ఇచ్చినోళ్లే చెప్పాలె బిడ్డా. వాళ్లు చెప్తే కింద నేను సంతకం పెడ్త. పైసలొస్తె ఎవరియి వాళ్లకే."

మర్నాటి నుంచి గొడుగు పట్టుకుని ఇంటింటికీ బయలుదేరారు. మొదట చాచా రాసిచ్చారు. ఆయన చెబుతుంటే టీచరమ్మే తెలుగులో రాశారు, కింద ఆయన ఉర్దూలో సంతకం పెట్టారు. "టీచరమ్మ ఇంటి లోన్ తీర్చడానికి నేను దాచుకున్న డబ్బు చేతికిచ్చాను. నేను దర్జీని, బ్యాంకును కాను." ఆ ఆఖరి ముక్క తీసేద్దామని నేనంటే, ఉంచమన్నారు. ఆ వారంలోనే టీచరమ్మ ఆయాసం ఎక్కువై ఆసుపత్రిలో చేరారు. మళ్లీ ఇంటికి రాలేదు.

ఇప్పుడు నన్ను బాధిస్తున్న సంగతి చెబుతాను. సమాధి అయిన మూడోనాడు కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. కస్టమర్ చనిపోయారు కదా, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారా అని అడిగారు. బోథ్ నుంచి వచ్చిన టీచరమ్మ చెల్లెలు, మనం చిన్నమ్మ అని పిలిచే ఆమె, నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు. "మా అక్క పోయింది గని ఆమె మాట పోలే. నేనున్న" అని పెట్టేశారు. వారసురాలిగా కాగితాల మీద ఆమె సంతకం చేస్తారు.

తర్వాత మేమిద్దరం మీ ఇళ్లకు వచ్చాం. అందరూ మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. ఒకరు "మేమిచ్చింది మరిచిపోయినం చిన్నమ్మా" అన్నారు. ఇంకొకరు "పోయినామె బాకీ ఉన్నదని కాగితం మీద ఎట్ల రాస్తం, పాపం తగులుతది" అన్నారు. గేటు దాటాక చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు. "వీళ్ల మంచితనమే గా కంపెనోనికి ఆసరైతున్నది పోరీ."

అందుకే పత్రికలో రాస్తున్నాను. మీరు రాసేది టీచరమ్మ మీద బాకీ కాదు. ఆమె ఆ కౌంటర్‌లో లేచి నిలబడి మీ పేర్లు చెప్పారు, అందులో అబద్ధం లేదు. మీరు ఇవ్వలేదంటే, మరిచిపోయామంటే, ఆమె అప్పు తెచ్చిందన్న ఆ అబ్బాయి మాటే కాగితాల్లో మిగులుతుంది. ఎంత ఇచ్చారో, మీ చేతి డబ్బే ఇచ్చారని, రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టండి. వచ్చిన డబ్బు మీకు వద్దనుకుంటే అప్పుడు మీ ఇష్టం. ఈ నెల ఇరవై ఐదో తారీఖు లోపల నాకు అందాలి. కరీంనగర్ తీసుకుపోయి ఇవ్వడానికి నాకు ఆ తర్వాత ఐదారు రోజులే ఉంటాయి.

ఇరవై ఐదు దాకా చిన్నమ్మ ఆ ఇంట్లోనే ఉంటారు. చావు నాడు మీరు తలా ఒకటి తెచ్చి వేసిన కుర్చీలు ఇంకా వాకిట్లోనే ఉన్నాయి. ఎర్రవి, నీలంవి, చెయ్యి విరిగినది ఒకటి, చాచా దుకాణం స్టూలు. ఏది ఎవరిదో ఆమెకు తెలియదు. పొద్దున్నే మంచు తుడిచి, ఎండ ఎక్కగానే నీడలోకి జరుపుతున్నారు. మీ కుర్చీ కోసం వచ్చినప్పుడు కాసేపు అందులోనే కూర్చుని, ఆ రెండు వాక్యాలు రాసిచ్చి తీసుకుపోండి.