మూడు టీసీల జమున

చర్లలో నర్సుగా పనిచేసే బానోతు జమున ఏ బడి గేటు ముందు నిలబడ్డా ముందు కొంగు నడుముకు బిగించి, ఆ తర్వాతే నమస్తే అంటుంది. కూతురు నందినికి పద్నాలుగేళ్లు. లెక్కల్లో దిట్ట, కానీ బెంచీ మీద పది నిమిషాలు కూర్చోలేదు, గంట మోగితే చెవులు మూసుకుంటుంది. రెండేళ్లలో మూడు బడులు టీసీ చేతిలో పెట్టాయి. "మిగతా పిల్లలు డిస్టర్బ్ అయితున్నరు మేడమ్" అన్న మాట విని విని జమునకు ఒళ్లు మండిపోయింది.

ఈ సోమవారం నందినిని వెంటబెట్టుకుని భద్రాచలం బస్సెక్కి, దారి పొడవునా కొత్త బడి హెడ్‌మాస్టరుతో పోట్లాడటానికి మాటలు పేర్చుకుంది. గదిలో అడుగుపెడుతూనే, "సార్, ముందే చెప్తున్న, మా పిల్ల కూసోదు. నిలబడే వింటది," అంది గట్టిగా. ఆయన జమునను వదిలి నందిని వైపు తిరిగాడు. "ఎక్కడ నిలబడ్తవమ్మా? కిటికీ కాడనా, తలుపు కాడనా?" ఇన్నాళ్లకు ఒకరు పిల్లనే అడిగారు. "కిటికీ కాడ," అంది నందిని. "అయితే పో. తొమ్మిదో తరగతి పైన." పిల్ల వెనక్కి చూడకుండా మెట్లెక్కింది. బస్సులో పేర్చుకున్న మాటలేవీ జమునకు అవసరం పడలేదు. "గింతేనా సార్? గింత మాటకు రెండేళ్లు తిప్పిండ్రా మమ్మల్ని?" అంటూ, ఆయన కుర్చీ చూపించేలోపే, నిలబడే ఏడ్చేసింది.