గట్టు కనపడని చేలో

మాది పెదపాడు దగ్గర పల్లెటూరు. ఆ ఏడు కొల్లేరు పొంగి, పొట్ట మీదున్న మా వరిచేను మునిగిపోయింది. ప్రభుత్వం ఇచ్చే పంట నష్టం సాయం రావాలంటే రైతు తన చేలో నిలబడి ఫోటో దిగాలన్నారు. ఆ ఫోటో తీయడానికి వ్యవసాయ శాఖ నుంచి ఓ అమ్మాయి వచ్చింది.

"రోడ్డు మీంచి తీస్తే యాప్ తీసుకోదండీ," అంది ఇబ్బందిగా.

నీళ్ల కింద గట్టును కాలితో తడుముకుంటూ మావారు ముందు నడిచారు. వెనక ఆ అమ్మాయి, ఆ వెనక నేను. ఉన్నట్టుండి మావారు మాయమైపోయారు. పక్కవాళ్లు చేపల చెరువు కోసం తవ్విన గోతిలోకి జారిపోయారు. నీళ్ల పైన ఒక్క చెయ్యి కనిపించింది. ఆ అమ్మాయి ఫోను వదిలేసి, మోకాళ్ల మీద కూలబడి ఆ చెయ్యి దొరకబుచ్చుకుంది. నేను ఆమె నడుం పట్టుకున్నాను. కాళ్ల కింద గట్టు కరిగిపోతోంది. ముగ్గురం పోతామనే అనుకున్నాను. "ప్రభువా" అనుకుంటూ వెనక్కి లాగాను.

ఎలాగో పైకొచ్చి, మింగిన నీళ్లు కక్కి, మావారు అడిగిన మొదటి మాట, "ఫోటో పడిందా అమ్మా?"

ఆ అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చేసింది.

సాయం తర్వాత అందిందిలెండి. కానీ ఇప్పటికీ వానాకాలంలో ఆయన చేలోంచి రావడం కాస్త ఆలస్యమైతే, నాకు గుమ్మంలోంచి లోపలికి అడుగు పడదు.